గుర్రం నేర్పిన పాఠం: హెన్రీ ఫేయోల్ జీవితం



మన బడిలో పన్నెండో తరగతి కామర్స్ చదివే అక్కల దగ్గరో అన్నల దగ్గరో బిజినెస్ స్టడీస్ పుస్తకం తీసుకుని ఒకసారి తిరగేయండి. రెండో అధ్యాయంలో హెన్రీ ఫేయోల్ అనే పేరు, దాని కింద పద్నాలుగు సూత్రాలు కనిపిస్తాయి. పరీక్షలు దగ్గరపడగానే వరండాలో అటూ ఇటూ తిరుగుతూ ఆ సూత్రాలను వల్లె వేసేవాళ్లను ఏటా చూస్తుంటాను. పన్నెండు గబగబా వచ్చేస్తాయి, మిగిలిన రెండూ ఎంతకీ గుర్తుకు రావు. ఆ సూత్రాలు రాసిన మనిషి ఎవరో, వాటిని ఎక్కడ నేర్చుకున్నాడో మాత్రం ఎవరూ అడగరు. ఆయన వాటిని ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. భూమి అడుగున, బొగ్గు గనిలో, ఒక గుర్రం కాలు విరిగిన రోజున మొదటి పాఠం నేర్చుకున్నాడు. ఆ కథ మీకు చెప్పాలని ఎన్నాళ్లనుంచో అనుకుంటున్నాను. ఎందుకంటే ఆయన కూడా మీలాగే తండ్రి ఉద్యోగం వల్ల ఊరు మారిన పిల్లవాడు.

హెన్రీ ఫేయోల్ ఫ్రాన్సు దేశస్థుడు. కానీ పుట్టింది ఫ్రాన్సులో కాదు. 1841 జూలై 29న ఇస్తాంబుల్ నగరంలో పుట్టాడు. అప్పట్లో దాన్ని కాన్‌స్టాంటినోపుల్ అనేవారు. ఒట్టోమాన్ సుల్తానుల రాజధాని అది. ఫేయోల్ తండ్రి ఉద్యోగరీత్యా అక్కడికి వెళ్లాడు, కుటుంబమూ వెంట వెళ్లింది. 1847లో, హెన్రీకి ఆరేళ్లు వచ్చే వేళకు, మళ్లీ ఫ్రాన్సు చేరుకున్నారు. పుట్టిన ఊరు ఒకటి, సొంత దేశం ఇంకొకటి, చదివిన బడి మరొకటి. మీ ఊరేది అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియక ఒక్క క్షణం ఆగే పిల్లలు మనలో చాలామంది ఉన్నారు. హెన్రీకీ ఆ ప్రశ్న ఎదురయ్యే ఉంటుంది.

చదువులో చురుకైన హెన్రీ ఫ్రాన్సులోని సేంతెత్యేన్ పట్టణంలో గనుల ఇంజనీరింగ్ పాఠశాలలో చేరాడు. 1860లో పట్టా పుచ్చుకున్నాడు. అప్పటికి వయసు 19 ఏళ్లు. వెంటనే మధ్య ఫ్రాన్సులోని కొమాంత్రీ అనే ఊళ్లో బొగ్గు గనుల్లో ఇంజనీరుగా ఉద్యోగం దొరికింది. బొగ్గు, ఇనుము రెండూ తీసే పెద్ద సంస్థ అది. స్టెఫాన్ మోనీ అనే అనుభవజ్ఞుడు దానికి పెద్ద. కుర్రవాడిలోని పనితనాన్ని ముందుగా గుర్తించింది ఆయనే.

కొమాంత్రీ గనులకు ఒక పెద్ద బెడద ఉండేది. బొగ్గుకు గాలి తగిలితే లోలోపల వేడెక్కి, ఎవరూ నిప్పు పెట్టకుండానే అంటుకుంటుంది. సింగరేణి వైపు నుంచి వచ్చిన పిల్లలు ఈ మాట ఇంట్లో వినే ఉంటారు. భూమి అడుగున మొదలైన మంట వారాలు, నెలలు ఆరకుండా రగులుతుంది. మనుషుల ప్రాణాలకు ముప్పు, బొగ్గుకు నష్టం. యువకుడైన ఫేయోల్‌కు మొదట అప్పగించిన ముఖ్యమైన పనుల్లో ఆ మంటలను అదుపు చేయడం ఒకటి. గాలి చొరబడే దారులు వెతికి మూసివేయడం, మంట ఎక్కడ పుట్టింది, ఎలా పాకింది అని రోజూ రాసి పెట్టుకోవడం ఆయన పద్ధతి. చూసింది చూసినట్టు పుస్తకంలో రాసుకునే అలవాటు అప్పుడే పట్టుబడింది. ఆ అలవాటు వల్లనే గుర్రం సంగతి మనదాకా వచ్చింది.

1861 మే నెల. ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది కాలేదు. సేంతెద్మో అనే గనిలో ఆరో అంతస్తున బొగ్గు బండి లాగే గుర్రానికి ఉదయాన కాలు విరిగింది. ఆ రోజుల్లో గనుల అడుగున గుర్రాలే బండ్లు లాగేవి. గుర్రం లేకపోతే తవ్విన బొగ్గు తవ్విన చోటే ఉండిపోతుంది. ఫేయోల్ వెంటనే ఇంకో గుర్రం ఇవ్వమని చీటీ రాసి గుర్రపుశాలకు పంపాడు. అక్కడి మనిషి ఆ చీటీని తీసుకోలేదు. దాని మీద డైరెక్టరు సంతకం లేదు. డైరెక్టరు ఆ రోజు ఊళ్లో లేడు. ఆయన లేనప్పుడు ఆయన బదులు ఎవరు సంతకం పెట్టాలో ఎవరికీ చెప్పి ఉంచలేదు. ఫేయోల్ ఎంత బతిమాలినా గుర్రపుశాల మనిషి ససేమిరా అన్నాడు. తనకు వచ్చిన ఆజ్ఞ అది. గుర్రం రాలేదు. ఆ అంతస్తులో ఆ రోజు పని పోయింది.

కోపం ఎవరి మీద తెచ్చుకోవాలి? గుర్రపుశాల మనిషి మీదా? అతను తనకు చెప్పిన నియమం ప్రకారమే నడిచాడు. ఎవరు పడితే వాళ్లు చీటీ పంపితే గుర్రాలు ఇచ్చేస్తే రేపు శాలలో గుర్రాలే మిగలవు. పోనీ డైరెక్టరు మీదా? ఎంత పెద్ద అధికారైనా ఏడాది పొడుగునా ఒకే కుర్చీలో కూర్చోలేడు. ఫేయోల్ తప్పు అసలే లేదు. ముగ్గురూ ఎవరి పని వాళ్లు సరిగానే చేశారు. అయినా పని ఆగింది. లోపం మనుషుల్లో కాదు, మనుషుల మధ్య ఉన్న ఏర్పాటులో ఉంది. పెద్ద లేనప్పుడు ఆయన అధికారం ఎవరి చేతికి వెళ్తుందో ముందే తేల్చి పెట్టలేదు. ఫేయోల్ ఆ సంఘటన రాసుకుని, దాని కింద తాను తెలుసుకున్నది కూడా రాసుకున్నాడు: అధికారానికి ఎప్పుడూ ఒక ప్రతినిధి ఉండి తీరాలి. ఇంజనీరు కుర్రవాడు మొదటిసారిగా యంత్రం గురించి కాక నిర్వహణ గురించి రాసుకున్న పాఠం ఇది.

1866లో మోనీ ఆ కుర్రవాణ్ని కొమాంత్రీ గనులకు మేనేజరుగా చేశాడు. అప్పటికి ఫేయోల్ వయసు పాతికేళ్లు. 1872లో మరికొన్ని గనులు కూడా ఆయన చేతి కిందికి వచ్చాయి. బొగ్గు తవ్వించడంతో ఊరుకోలేదు ఆయన. ఆ బొగ్గు అక్కడికి ఎలా వచ్చిందో తెలుసుకోవాలనుకున్నాడు. గని గోడలను ఏళ్ల తరబడి పరిశీలించి, పూర్వం నదులు కొట్టుకొచ్చిన చెట్టూ చేమా సరస్సు అడుగున మేట వేసి బొగ్గు పొరలయ్యాయని 1880ల దశకంలో ప్రకటించాడు. ఈ పని ఒక్కడే చేయలేదు. మొక్కల శిలాజాలకు ఒకరు, పురుగుల శిలాజాలకు ఒకరు, చేపల శిలాజాలకు మరొకరు అని శాస్త్రవేత్తలను పిలిపించి, పని పంచి, ఒకే గ్రంథమాలగా తెచ్చాడు. 1880లో ఆ గనుల్లో దొరికిన తూనీగ శిలాజం గురించి మీరు సైన్సు పుస్తకంలో చదివే ఉంటారు. దాదాపు 30 కోట్ల ఏళ్ల నాటిది, రెక్కలు చాపితే రెండడుగులకు పైగా ఉండేది. దాని పేరు మెగాన్యూరా మోనీ. అందులోని మోనీ మన స్టెఫాన్ మోనీయే.

ఇక్కడ కంపెనీ గురించి రెండు మాటలు చెప్పాలి. చిన్న దుకాణానికి యజమాని ఒక్కడే. డబ్బు అతనిదే, నిర్ణయమూ అతనిదే. వ్యాపారం పెరిగితే నలుగురు చేరి భాగస్వాములవుతారు. ఇంకా పెరిగితే ఆ పెట్టుబడి నలుగురి వల్ల కాదు. అప్పుడు మూలధనాన్ని చిన్న చిన్న వాటాలుగా చేసి చాలామందికి అమ్ముతారు. అదే వాటాల కంపెనీ. ఫేయోల్ పనిచేసిన సంస్థ కూడా భాగస్వామ్యంగా మొదలై, 1874లో వాటాల కంపెనీ అయింది. కొమాంత్రీ–ఫుర్షాంబో అనేది దాని పేరు. వాటాల కంపెనీలో ఒక చిత్రం ఉంది. యజమానులు వందల మంది. వాళ్లలో చాలామంది ఆ గని మొహం కూడా చూసి ఉండరు. నడిపేవాడు జీతం తీసుకునే ఉద్యోగి. అంటే డబ్బు ఒకరిది, బాధ్యత ఇంకొకరిది. అలాంటప్పుడు నడిపించడం అనే పని తనంతట తానే ఒక వృత్తి అవుతుంది.

1888లో ఆ బాధ్యత ఫేయోల్ మీద పడింది. కంపెనీ మొత్తానికి ఆయనను అధిపతిగా చేశారు. చేసేనాటికి కంపెనీ మునిగిపోయే స్థితిలో ఉంది. 1885 నుంచి వాటాదారులకు లాభంలో పైసా పంచలేదు. ఇనుప కర్మాగారాలు నష్టాల్లో ఉన్నాయి. కొమాంత్రీ బొగ్గు అడుగంటుతోంది. అమ్మేసి చేతులు దులుపుకోవడం తప్ప దారి లేదని అనుకున్నవాళ్లు ఉన్నారు. ఫేయోల్‌కు అప్పుడు 47 ఏళ్లు.

ఆయన మొదట చేసింది ముందుచూపు. ఈ ఏడాది ఎంత తవ్వుతాం, ఎంత అమ్ముతాం, ఎంత ఖర్చవుతుంది అని ప్రతి విభాగం నుంచీ అంచనా తెప్పించాడు. ఏడాదికి ఒక ప్రణాళిక, పదేళ్లకు ఇంకొకటి. పదేళ్ల ప్రణాళికను కూడా రాసి బీరువాలో పెట్టేయకుండా ఏటేటా సరిదిద్దేవాడు. రెండోది, ఎవరు ఎవరి కింద పనిచేస్తారో, ఎవరి పని ఎక్కడితో ఆగుతుందో పటం గీసి చూపించాడు. ఆ పటం చూస్తే ఒకే పనికి ఇద్దరు పెద్దలున్న చోటు, అసలు పెద్దే లేని చోటు ఇట్టే తెలిసిపోతాయి. గుర్రం రోజున లేనిది సరిగ్గా అదే. మూడోది, విభాగాల అధిపతులందరినీ వారానికి ఒకసారి ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టాడు. తవ్వేవాడికి అమ్మేవాడి ఇబ్బంది తెలియాలి, అమ్మేవాడికి తవ్వేవాడి కష్టం తెలియాలి.

కష్టమైన నిర్ణయాలు కూడా తీసుకున్నాడు. నష్టాలు తెచ్చే ఫుర్షాంబో ఇనుప కర్మాగారంలో పని క్రమంగా ఆపేశారు. అక్కడి కుటుంబాలకు అది చిన్న దెబ్బ కాదు. కొమాంత్రీలో బొగ్గు తగ్గుతోంది కనుక 1892లో దక్షిణ ఫ్రాన్సులోని దెకాజ్‌విల్ గనులనూ కర్మాగారాలనూ కంపెనీలో కలుపుకున్నాడు. 1886లో అక్కడ ఘోరమైన సమ్మె జరిగింది. ఆ కోపంలో ఒక ఇంజనీరు ప్రాణం పోయింది. కార్మికులకూ యాజమాన్యానికీ మధ్య నమ్మకం పూర్తిగా చెడిన చోటు అది. అలాంటి చోటును ఎత్తుకోవడానికి ధైర్యం కావాలి. ఎంఫీ అనే ఊళ్లోని ఉక్కు కర్మాగారంలో పరిశోధనకు డబ్బు కేటాయించాడు. వేడికి సాగని, చలికి ముడుచుకోని ఇన్వార్ అనే మిశ్రలోహం 1896లో అక్కడి లోహాలతోనే బయటపడింది. గడియారాలకూ భూమి కొలిచే పట్టీలకూ అది ఎంతో పనికొచ్చింది. దాన్ని కనిపెట్టిన షార్ల్ గియోమ్‌కు 1920లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఫేయోల్ 1918లో పదవి దిగేనాటికి కంపెనీ గట్టి పునాది మీద నిలబడి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సుకు కావలసిన బొగ్గూ ఉక్కూ ఆ గనులూ కర్మాగారాలూ అందించాయి. ఇదెలా జరిగిందని అడిగితే, తన గొప్పతనం ఏమీ లేదన్నట్టే చెప్పేవాడు. గనులు అవే, కర్మాగారాలు అవే, మనుషులూ వాళ్లే, మారింది నడిపించే పద్ధతి ఒక్కటే అనేది ఆయన లెక్క. కొత్త గనులు కొన్న సంగతి మనకు తెలుసు కనుక ఆ లెక్క పూర్తిగా సరికాదని అనవచ్చు. కానీ ఆ గనులు కొనాలని ముందే చూసింది కూడా ఆ పద్ధతే కదా.

పద్ధతి అనేది ఒకటి ఉంటే దాన్ని నేర్పవచ్చు. ఫేయోల్ జీవితంలో చివరి పాతికేళ్లూ ఈ ఒక్క మాట చుట్టూనే తిరిగాయి. 1900లో పారిస్‌లో జరిగిన గనుల ఇంజనీర్ల మహాసభలోనూ, 1908లో సేంతెత్యేన్‌లోనూ దీని గురించి మాట్లాడాడు. 1916లో, యుద్ధం మధ్యలో, 75 ఏళ్ల వయసులో తన గ్రంథాన్ని ప్రచురించాడు. పారిశ్రామిక, సాధారణ నిర్వహణ అనేది దాని పేరుకు తెలుగు.

ఏ సంస్థలోనైనా ఆరు రకాల పనులు ఉంటాయంటుంది ఆ గ్రంథం. మన ఇళ్లకు తెలిసిన ఉదాహరణ చెబుతాను. ఒకావిడ ఆవకాయ పెట్టి అమ్ముతుందనుకోండి. ఆవకాయ కలపడం సాంకేతికమైన పని. కాయలు కొనడం, సీసాలు అమ్మడం వ్యాపారపు పని. పెట్టుబడి సమకూర్చుకోవడం ధనానికి సంబంధించినది. జాడీకి తడి తగలకుండా, సరుకు దొంగలపాలు కాకుండా చూసుకోవడం భద్రత. రాబడి, ఖర్చు రాసుకోవడం లెక్కలు. ఈ అయిదింటినీ ముందుగా ఆలోచించి, ఏర్పాటు చేసి, పనివాళ్లకు చెప్పి, ఒకదానితో ఒకటి పొసిగేలా చేసి, అనుకున్నట్టు జరిగిందా అని చూసుకోవడం ఆరోది. అదే నిర్వహణ. ముందుచూపు, వ్యవస్థీకరణ, ఆదేశం, సమన్వయం, నియంత్రణ అని మీ పుస్తకాల్లో ఉన్నది ఇదే.

ఆ తర్వాత ఫేయోల్ ఒక పట్టిక ఇచ్చాడు. తన అనుభవం మీద వేసిన అంచనా అది. పెద్ద కంపెనీలో కార్మికుడికి కావలసిన సామర్థ్యంలో నూటికి 85 పాళ్లు తన పనిలోని నేర్పు, 5 పాళ్లే నిర్వహణ. మేస్త్రీకి వచ్చేసరికి నేర్పు 60, నిర్వహణ 15. మొత్తం సంస్థ డైరెక్టరుకు నేర్పు 15, నిర్వహణ 40. మెట్టు ఎక్కేకొద్దీ చేతిపని తగ్గి, నలుగురి చేతుల్ని కలిపే పని పెరుగుతుందన్నమాట. మరి ఆ పనిని బడిలో ఎవరూ నేర్పరేం అని ఆయన అడిగాడు. ఇంటికీ, పరిశ్రమకూ, ప్రభుత్వానికీ నిర్వహణ కావాలి కనుక చిన్న తరగతుల నుంచే కొంచెం కొంచెంగా నేర్పాలన్నాడు. ఇంజనీర్ల చదువులో పెద్ద లెక్కలకు ఇచ్చే సమయం మరీ ఎక్కువని, తన ఇన్నేళ్ల ఉద్యోగంలో మామూలు లెక్కలతోనే పని గడిచిందని రాశాడు. అంతకంటే ఒక నివేదిక స్పష్టంగా రాయగలగడం, నలుగురిలో మాట్లాడగలగడం ముఖ్యమన్నాడు. లెక్కల మాష్టారు ఈ పేజీ చదవకపోతే మంచిది గానీ, భాష చెప్పుకుని బతికే నాకు ఈ మాట ఎంత నచ్చిందో చెప్పలేను.

ఇక పద్నాలుగు సూత్రాలు. అన్నీ చెప్పను, అవి పుస్తకంలో ఉన్నాయి. ఆయన కూడా ఇవి రాతి మీద గీతలు కావని, సందర్భం చూసి వాడుకోవాలని, ఇంకా ఎన్నయినా చేర్చవచ్చని చెప్పాడు. మూడింటిని మాత్రం చూద్దాం.

మొదటిది, ఒక మనిషికి ఒకే పెద్ద. ఒకే పని గురించి ఒకరు తూర్పుకు, ఇంకొకరు పడమటికి వెళ్లమంటే పనివాడు నడిమధ్యన నిలబడిపోతాడు. అదే కాలంలో అమెరికాలో పేరు తెచ్చుకున్న ఫ్రెడరిక్ టేలర్ ఒక్కో విషయానికి ఒక్కో మేస్త్రీ ఉండాలన్నాడు. ఫేయోల్ టేలర్‌ను గౌరవిస్తూనే ఈ ఒక్క విషయంలో కాదన్నాడు.

రెండోది, అధికార శ్రేణి. కింది ఉద్యోగి నుంచి పైఅధికారి దాకా నిచ్చెన మెట్లలా ఒక వరస ఉంటుంది. మాట ఆ మెట్ల మీదుగానే వెళ్లాలి. కానీ రెండు శాఖల్లో ఒకే స్థాయిలో ఉన్న ఇద్దరు గుమాస్తాలు ఒక చిన్న సంగతి తేల్చుకోవడానికి, ఒక నిచ్చెన పైదాకా ఎక్కి ఇంకో నిచ్చెన కిందదాకా దిగాలంటే పని తెల్లారినట్టే. అందుకని ఇద్దరి మధ్యా ఒక బల్ల వేసుకుని నేరుగా మాట్లాడుకోవచ్చన్నాడు. షరతు ఒక్కటే. ఇద్దరి పైఅధికారులకూ ఆ సంగతి తెలిసి ఉండాలి, వాళ్లు ఒప్పుకోవాలి. నియమమూ ఉంటుంది, పనీ ఆగదు. ఆ మే నెల ఉదయం గుర్రపుశాల దగ్గర ఇలాంటి బల్ల ఒక్కటి ఉండి ఉంటే బొగ్గు బండి కదిలేది.

మూడోది మన ఇళ్లకు సూటిగా తగిలేది. ఉద్యోగి ఒక చోట కుదురుగా ఉండాలి. కొత్త పని అలవాటై దాన్ని బాగా చేయగలగడానికి ఎంత సమర్థుడికైనా కొంత కాలం పడుతుంది. ఆ కాలం పూర్తయ్యేలోపే మార్చేస్తే అతనూ ఏమీ చేసి ఉండడు, సంస్థకూ ఏమీ మిగలదు. వచ్చి వెళ్లిపోయే మహా సమర్థులకంటే, నిలబడి ఉండే మామూలు మేనేజరే నయమనే దాకా వెళ్లాడు ఫేయోల్. ఆయన మాట తేలిగ్గా తీసేయలేం. తాను మొదట చేరిన సంస్థలోనే 58 ఏళ్లు ఉన్నాడు. 1921లో ప్రభుత్వం కోరితే ఫ్రాన్సు తపాలా, తంతి, టెలిఫోను శాఖను పరిశీలించి నివేదిక ఇచ్చాడు. అందులో ఎత్తి చూపిన ముఖ్య లోపాల్లో ఇది కూడా ఉంది: శాఖ పైన కూర్చునే మంత్రులు ఇట్టే మారిపోతున్నారు, దీర్ఘకాలపు ప్రణాళికంటూ లేదు.

ఆయన పుస్తకానికీ హద్దులున్నాయి. అది పైనుంచి కిందికి చూసి రాసిన పుస్తకం. గని అడుగున పనిచేసేవాడు తన పని గురించి ఏమనుకుంటాడో అందులో పెద్దగా కనిపించదు. సమానంగా, దయగా చూడాలని ఒక సూత్రం పెట్టాడు, చొరవ చూపనివ్వాలని ఇంకొకటి పెట్టాడు. కానీ ఆ మనిషి గొంతు వినాలంటే మనం వేరే పుస్తకాలు వెతుక్కోవాలి.

ఫేయోల్ 1925 నవంబరులో పారిస్‌లో కన్నుమూశాడు. వయసు 84. ఆయన గ్రంథం ఇంగ్లీషులోకి 1930లో ఒకసారి వచ్చినా చాలామంది చేతికి అందలేదు. 1949లో మళ్లీ అనువాదమయ్యాకే ప్రపంచమంతా పాకింది. అక్కడినుంచి మన దేశపు కాలేజీలకూ, చివరికి మన బడి వరండాకూ చేరింది.

ఇప్పుడు మీరు నన్ను ఒకటి అడగాలి. కుదురుగా ఉండాలన్నదే సూత్రమైతే, మూడేళ్లకొకసారి పెట్టెలు సర్దుకునే మన సంగతేమిటి? నేను కూడా ఈ ప్రశ్న చాలా రోజులు నన్ను నేను వేసుకున్నాను. ఇప్పటికి అయిదు ఊళ్లు మారాను. ఒక ఊళ్లో చదువుల మధ్యలో చేరాను. పాత టీచరు వెళ్లిపోయారు. తెలుగు కథల పుస్తకాలున్న బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. తాళం పగలగొట్టడానికి అనుమతి ఇవ్వవలసినవారు సెలవులో ఉన్నారు. నెల రోజులు ఆ పుస్తకాలు అద్దం వెనకే ఉన్నాయి, పిల్లలు వాటిని చూస్తూ కూర్చున్నారు. ఫేయోల్ గుర్రం ఆ రోజు నా కళ్లముందు నిలబడింది. మరో ఊళ్లో చేరిన రోజున బల్ల సొరుగులో ఒక నోటుపుస్తకం దొరికింది. ఏ పిల్ల ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది కానీ చదవలేదు, ఏ బాబుకు ఒత్తులు తికమక, ఎవరిని ముందు వరసలో కూర్చోబెట్టాలి, తాళంచెవి ఎక్కడుంది అన్నీ రాసి ఉన్నాయి. నేను చూడని ఆ మేడమ్ ఎక్కడో వేల మైళ్ల దూరంలో ఉన్నారు. మరుసటి రోజు నుంచే పాఠం నడిచింది.

మార్పు తప్పదని ఫేయోల్‌కూ తెలుసు. వయసు, జబ్బు, పదవీ విరమణ, మరణం ఏ సంస్థనూ వదలవని ఆయనే రాశాడు. ఆయన అడిగింది రెండే. వెళ్లేవాడు వెళ్లినా పని నిలిచి ఉండేలా ఏర్పాటు ఉండాలి. వచ్చినవాడికి కుదురుకోవడానికి సమయం ఇవ్వాలి. మొదటిది పెద్దవాళ్ల పని అనుకోకండి. ఈ ఏడు టీసీ తీసుకుని వెళ్లబోయే పిల్లలు ఎవరైనా లైబ్రరీ మానిటరో, స్కౌట్ లీడరో అయి ఉంటే, తన తర్వాత వచ్చేవారి కోసం ఒక్క పేజీ రాసి క్లాసు టీచరుకు ఇవ్వండి. ఏ పుస్తకం ఎవరి దగ్గరుంది, ఏ తాళం ఎక్కడుంది, ఏ పని సగంలో ఉంది, అంతే.

రెండోది మీకోసం. కొత్త బడిలో మొదటి రెండు మూడు నెలలు మార్కులు తగ్గితే, స్నేహితులు దొరకకపోతే, మీలో ఏదో లోపం ఉందని అనుకోకండి. సమర్థుడికైనా కాలం పడుతుందని 75 ఏళ్ల ముసలి ఇంజనీరు తన అనుభవమంతా కూడగట్టి రాసి పెట్టాడు. అది పన్నెండో సూత్రం. పరీక్షలో చాలామంది మరిచిపోయేది కూడా అదే.